జరిగిందంతా జరగాలనా? బైబిలు కథల నుంచి నమ్మకాన్ని, నడవడిని తీసుకునే పద్ధతి

మా చిన్నమ్మది పరకాల వైపు పల్లె. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. ఒక ఉజ్జీవ సభలో పాత నిబంధనలోని యూదా రాజు ఆసా మీద ప్రసంగం విని ఇంటికి వచ్చి మాత్రలు ఆపేసింది. మాకెవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు ఎడమ పాదం మీద చిన్న పుండు లేచింది, మానలేదు. మేము చూసి వరంగల్ తీసుకొచ్చేసరికి రెండు వేళ్లు తీసేయక తప్పలేదు. మంచం పక్కన కూర్చుని, ఎందుకిట్లా చేశావు చిన్నమ్మా అని అడిగాను.

"ఆసా రాజుకు గూడ కాళ్లల్లనే జబ్బు వచ్చిందట బిడ్డా. డాక్టర్లను పట్టుకున్నడు, సచ్చిపోయిండు. దేవుణ్ని అడిగితే బతికేటోడు గదా" అంది.

వాక్యంలో లేని మాటేమీ ఆమె కల్పించలేదు. రెండవ దినవృత్తాంతములు 16:12 తెరిస్తే, ఆసాకు పాదాల్లో జబ్బు పుట్టిందనీ, ఆ జబ్బులో కూడా యెహోవాను వెతకక వైద్యులను పట్టుకున్నాడనీ ఉంటుంది. చిన్నమ్మకు విశ్వాసమూ ఉంది, వాక్యం మీద గౌరవమూ ఉంది. బైబిల్లో ఒక కథ వింటే దానిలో నుంచి ఆజ్ఞ దాకా ఎట్లా రావాలో మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు. హనుమకొండలో పదిహేనేళ్లుగా బైబిలు స్టడీ నడిపిస్తున్న నేనూ నేర్పలేదు. ఆ రాత్రి నుంచి మా స్టడీ పద్ధతి మార్చాను. మేము ఇప్పుడు చేస్తున్నదే ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను.

బైబిల్లో చాలా భాగం కథే. ఆదికాండము, నిర్గమకాండములో సగం, యెహోషువ నుంచి ఎస్తేరు దాకా, నాలుగు సువార్తలు, అపొస్తలుల కార్యములు. కథ "ఇట్లా జరిగింది" అంటుంది. మనం "ఇట్లా జరగాలి" అని వింటాం. కొన్నిసార్లు అట్లా వినడం సరే. కొన్నిసార్లు అదే ఒక ఇంటిని ముంచుతుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక నోటుబుక్కు, మన పాత అనువాదం బైబిలు, పక్కన వాడుక భాషలో ఉన్న ఇంకో అనువాదం, ఒక గంట సమయం, మీతో కూర్చుని "అట్లా కాదేమో" అనగలిగే మనిషి ఒకరు ఉంటే చాలు. ఆ చివరిది దొరకడమే కష్టం.

మొదటి మెట్టు: కథ మొత్తం పైకి చదవండి

మనకు వాక్యం ముక్కలుగా అందుతుంది. ప్రసంగంలో ఐదు వచనాలు, క్యాలెండరు మీద ఒకటి, వాట్సాప్‌లో సగం. రాసినవాళ్లు ముక్కలుగా రాయలేదు. ఇప్పుడున్న అధ్యాయాలు 13వ శతాబ్దంలో పెట్టినవి. కొత్త నిబంధన వచనాలకు ఇప్పుడున్న సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. కాబట్టి కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో మనమే వెతుక్కోవాలి. అధ్యాయం అయిపోతే కథ అయిపోయినట్టు కాదు.

గిద్యోనునే చూడండి. కళ్లంలో గొఱ్ఱెబొచ్చు పరిచి, బొచ్చు తడిసి నేల ఆరి ఉండాలని, మరునాడు నేల తడిసి బొచ్చు ఆరి ఉండాలని అడిగిన కథ (న్యాయాధిపతులు 6:36-40). దీన్ని పట్టుకుని మన దగ్గర ఎంతమంది గుర్తులు పెడుతుంటారో. "రేపు పదింటిలోపు వాళ్ల ఫోన్ వస్తే ఈ సంబంధం దేవుని చిత్తం." "ఈ వారం పత్తి రేటు ఇంతకు పెరిగితే ఆ రెండెకరాలు అమ్మమని దేవుడు చెప్పినట్టు."

ఇప్పుడు 6వ అధ్యాయం మొదటి వచనం నుంచి 8వ అధ్యాయం చివర దాకా పైకి చదవండి. మూడు సంగతులు బయటపడతాయి. ఏం చేయాలో దేవుడు గిద్యోనుకు 6:14లో, 6:16లో ముందే సూటిగా చెప్పాడు. బొచ్చు పరిచేటప్పుడు కూడా అతను "నీవు చెప్పినట్టు" అనే అడుగుతున్నాడు. అంటే తెలియని చిత్తం తెలుసుకోవడానికి పరిచింది కాదది, తెలిసిన మాట నమ్మలేక పరిచింది. రెండోసారి అడిగేటప్పుడు నా మీద కోపపడవద్దని బతిమాలుకున్నాడు. అది సరైన పని కాదని అతనికే అనుమానం ఉంది. మూడోది, అదే గిద్యోను చివర్లో బంగారు పోగులతో ఏఫోదు, అంటే యాజకులు వేసుకునే వస్త్రం లాంటిది, చేయించి తన ఊరు ఒఫ్రాలో పెడితే అది అతనికీ అతని ఇంటివారికీ ఉరి అయింది (8:27). భయపడే మనిషిని కూడా దేవుడు ఓపికగా నడిపించాడన్నది ఈ కథలో నిలబడే సంగతి. గుర్తు పెట్టి నిర్ణయం తీసుకోమని దీంట్లో ఎక్కడా లేదు.

నోటుబుక్కులో ఈ మెట్టుకు ఒక్క వాక్యం రాస్తే చాలు: కథ ఇక్కడ మొదలు, ఇక్కడ ముగింపు, మధ్యలో ఇది జరిగింది. "మనకు పాఠం ఏమిటంటే" అని ఇప్పుడే రాయకండి.

రెండో మెట్టు: ఆ మాట ఎవరి నోట వచ్చింది?

కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్లెంలో నుంచి వాగ్దానం కార్డు తీసుకోవడం మనందరికీ తెలుసు. ఆ కార్డుల మీద, కొత్త ఇళ్ల గుమ్మాల మీద, దుకాణాల గోడల మీద చాలా తరచుగా కనిపించే వచనం ఒకటుంది. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." యోబు 8:7. వినడానికి ఎంత బాగుంటుందో.

ఆ మాట అన్నది యోబు స్నేహితుడు బిల్దదు. పిల్లలను పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబుతో, నీ పిల్లలు పాపం చేశారు కాబట్టే చచ్చారు అన్నట్టు మాట్లాడి (8:4), నువ్వు పవిత్రుడివైతే దేవుడు నిన్ను మళ్లీ పైకి తెస్తాడని చెప్పిన మనిషి. పుస్తకం చివర్లో దేవుడు ఇంకో స్నేహితుడు ఎలీఫజుతో, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నాకు కోపం వచ్చింది, మీరు నా గురించి యుక్తమైనది పలకలేదు అంటాడు (42:7). ఆ ఇద్దరిలో బిల్దదు ఒకడు. యోబుకు చివర్లో రెండింతలు వచ్చిన మాట నిజమే. కానీ బిల్దదు చెప్పిన లెక్క ప్రకారం రాలేదు. ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు మా స్టడీలో ఒక అక్క ముఖం చిన్నబోయింది. ఆ వచనం ఆమె ఇంటి తలుపు మీద ఉంది. తీసేయమని నేను అనలేదు. యోబు మొత్తం చదవమన్నాను, చదివింది. ఇప్పుడు ఆ పుస్తకం గురించి నాకన్నా ఆమే బాగా చెబుతుంది.

బైబిల్లో రాసి ఉన్న ప్రతి మాటా దేవుడు పలికిన మాట కాదు. సాతాను మాటలూ ఉన్నాయి, అబద్ధికుల మాటలూ ఉన్నాయి, మంచివాళ్లు కోపంలో అన్న మాటలూ ఉన్నాయి. వాళ్లు అట్లా అన్నారన్నది సత్యంగా రాశారు. ద్రాక్షారసం మత్తు దిగిన నోవహు కనానును శపించిన మాటలను (ఆదికాండము 9:25) పట్టుకుని అమెరికాలో నల్లవాళ్లను బానిసలుగా ఉంచడం న్యాయమేనని చర్చిల్లోనే బోధించారు. నోరు ఎవరిదో అడగకపోతే ఎంత దూరం పోతుందో చెప్పడానికి నాకు అంతకన్నా భయంకరమైన ఉదాహరణ తెలియదు.

కథలో మాట కనబడగానే పక్కన పేరు రాయండి: దేవుడు, ప్రవక్త, కథ చెప్పేవాడు, ఇంకెవరైనా. "ఇంకెవరైనా" అయితే ఆ మాటను కథ చివర ఏం చేసిందో చూడకుండా వాగ్దానంగా తీసుకోకండి.

మూడో మెట్టు: కథ చెప్పేవాడు తన తీర్పు ఎక్కడ దాచాడు?

ఇది అన్నిటికన్నా ఎక్కువ ఓపిక అడిగే మెట్టు. మన ప్రాంతపు మనుషులకు ఇది రావాలి కూడా. ఐనవోలు జాతర దారుల్లో ఒగ్గు కథ విన్నవాళ్లకు తెలుసు, కథకుడు నడుమ ఆగి "ఇది తప్పు, ఇది ఒప్పు" అని పాఠం చెప్పడు. ఏ మాట దగ్గర డోలు పెరిగింది, ఏ మాటను వంత పాడేవాళ్లు మళ్లీ మళ్లీ అందుకున్నారు, ఎవరి ఏడుపు దగ్గర గొంతు దిగింది అన్నదాన్ని బట్టి వినేవాళ్లే తీర్పు పట్టుకుంటారు. బైబిలు కథకులదీ చాలాచోట్ల ఆ తీరే.

కొన్నిసార్లు తీర్పు బయటికే చెబుతారు. దావీదు రాజు ఊరియా భార్య బత్షెబను తీసుకున్న సంగతంతా ఒక్క విమర్శ లేకుండా చెప్పి, చివరి వచనంలో "దావీదు చేసినది యెహోవా దృష్టికి దుష్కార్యముగా ఉండెను" అని ఒకే ముక్క పెట్టారు (2 సమూయేలు 11:27). అంతవరకే చదివితే గుండె ఆగినట్టుంటుంది.

కొన్నిసార్లు తీర్పు పర్యవసానంలో ఉంటుంది. యాకోబుకు ఇద్దరు భార్యలు, ఇద్దరు దాసీలు. "తప్పు" అన్న మాట ఆదికాండములో ఎక్కడా కనబడదు. కానీ లేయా తన కొడుకులకు పెట్టిన పేర్లు చదవండి. చాలా పేర్లలో భర్త ప్రేమ కోసం ఆశే. రాహేలు అసూయ, అన్నల పగ, గోతిలో యోసేపు. ఆ ఇంట్లో సుఖం ఎక్కడుంది? తరువాత ధర్మశాస్త్రం, భార్య బతికుండగా ఆమె చెల్లెలిని చేసుకోవద్దని సూటిగా చెప్పింది (లేవీయకాండము 18:18). యేసయ్య ఇంకా వెనక్కి వెళ్లి, ఆది నుంచి దేవుడు ఇద్దరినే ఏకం చేశాడన్నాడు (మత్తయి 19:4-6). "భక్తులే ఇద్దరిని చేసుకున్నారు గదా" అనే మాటకు ఆదికాండములోని కన్నీళ్లే జవాబు.

ఇంకొన్నిసార్లు తీర్పు వంతపాటలో ఉంటుంది. న్యాయాధిపతులు చివరి అయిదు అధ్యాయాల్లో నాలుగుసార్లు ఒకే మాట తిరుగుతుంది: ఆ రోజుల్లో ఇశ్రాయేలులో రాజు లేడు (17:6, 18:1, 19:1, 21:25). మొదటిసారీ చివరిసారీ ఇంకో ముక్క కలిపారు, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు నడుచుకున్నారని. ఆ పుస్తకంలోని మనుషుల పనులను మాదిరిగా ఎత్తుకునే ముందు ఈ వంతపాట చెవిలో మోగాలి.

ఇక్కడ మొక్కుల సంగతి ఒకటి చెప్పాలి. మన క్రైస్తవ ఇళ్లలో కూడా మొక్కులు గట్టిగానే ఉన్నాయి. "మొక్కుకుంటే యెఫ్తా లాగా తీర్చాల్సిందే" అని అప్పు చేసి మరీ తీర్చినవాళ్లు నాకు తెలుసు. యుద్ధంలో గెలిపిస్తే ఇంటి నుంచి ఎదురొచ్చినదాన్ని బలి ఇస్తానని యెఫ్తా మొక్కాడు, ఎదురొచ్చింది కూతురు. ఆ కథలో (న్యాయాధిపతులు 11) వరుస చూడండి. యెహోవా ఆత్మ అతని మీదికి వచ్చింది 11:29లో. మొక్కు మొక్కింది ఆ తరువాత, 11:30లో. గెలుపుకు కావలసింది అప్పటికే అందింది, మొక్కు అక్కరలేనిది. మొక్కుగా ఇచ్చిన మనిషిని వెల కట్టి విడిపించుకునే దారి లేవీయకాండము 27లో ఉంది, పిల్లలను కాల్చడం యెహోవాకు అసహ్యమని ద్వితీయోపదేశకాండము 12:31లో ఉంది. యెఫ్తా మొక్కు తీర్చాడని మాత్రమే కథ చెబుతుంది (11:39), మంచిపని చేశాడని ఎక్కడా అనదు. హెబ్రీయులకు 11:32లో అతని పేరుంది కదా అంటారు. ఉంది, విశ్వాసంతో యుద్ధం చేసినవాళ్ల మధ్య ఉంది. అదే వరుసలో సమ్సోను పేరు కూడా ఉంది. అందుకని సమ్సోను నడవడిని మన కొడుకులకు నేర్పం కదా.

నాలుగో మెట్టు: ఒక్కసారి జరిగిందా, అదే తీరుగా మళ్లీ మళ్లీ జరిగిందా?

యెరికో చుట్టూ ఏడు రోజులు తిరిగితే గోడ కూలింది. దాన్ని బట్టి యెరికో ప్రార్థనలు పెడుతున్నారు. ఇంటి చుట్టూ, ప్లాటు చుట్టూ, పిల్లవాడు పరీక్ష రాసే కాలేజీ చుట్టూ. నడుస్తూ ప్రార్థించడంలో తప్పేమీ లేదు, నేనూ చేస్తాను. "ఏడు రోజులు తిరిగితే కేసు గెలుస్తారు" అని మాట ఇచ్చినప్పుడే సమస్య. యెహోషువ తరువాతి ఊరైన హాయి చుట్టూ తిరగలేదు. అక్కడ వెనుక పొంచి ఉండి పట్టుకోమని దేవుడే చెప్పాడు (యెహోషువ 8:2). ఆ పద్ధతిని యెహోషువే రెండోసారి వాడలేదు. రెండు ఊళ్లలోనూ మారనిది ఒకటే, దేవుడు చెప్పింది విని చేయడం.

అపొస్తలుల కార్యములు దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునుగా అడగాలి. మన సంఘాలు చీలేదీ ఆ పుస్తకం దగ్గరే. పరిశుద్ధాత్మ, బాప్తిస్మం, చేతులుంచడం ఏ వరుసలో రావాలి? నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసుకుని నింపండి. 2వ అధ్యాయంలో పేతురు మారుమనస్సు, బాప్తిస్మం, ఆ తరువాత ఆత్మ అనే వరుస చెప్పాడు. 8వ అధ్యాయంలో సమరయవాళ్లకు బాప్తిస్మం అయిపోయింది, ఆత్మ రాలేదు, పేతురు యోహానులు వచ్చి చేతులుంచాక వచ్చింది. 10వ అధ్యాయంలో యూదుడు కాని రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట్లో ప్రసంగం పూర్తి కాకముందే ఆత్మ దిగాడు, బాప్తిస్మం తరువాత. 19వ అధ్యాయంలో ఎఫెసువాళ్లు యోహాను బాప్తిస్మమే తెలిసినవాళ్లు, యేసు పేరట బాప్తిస్మం పొంది, పౌలు చేతులుంచాక ఆత్మను పొందారు. నాలుగు చోట్లా వరుస ఒకటి కాదు. ఏ ఒక్క గడిని తీసుకుని "ఇదే క్రమం, ఇట్లా రానివాడు రక్షణ పొందలేదు" అన్నా మిగతా గళ్లు ఒప్పుకోవు.

మరి ఆ పుస్తకం రాసిన లూకా ఈ నాలుగూ ఎందుకు రాశాడు? కార్యములు 1:8 పక్కన పెట్టి చూడండి. యెరూషలేము, యూదయ, సమరయ, భూదిగంతాలు. సువార్త ఒక్కో గోడ దాటినప్పుడల్లా దేవుడు వచ్చి, వీళ్లూ మీతో సమానమే అని ముద్ర వేస్తున్నాడు. ఆ కథల నుంచి తీసుకోవలసిన సిద్ధాంతం ఇది. దీన్ని వదిలేసి వరుస కోసం కొట్లాడుకుంటూ, ప్రభువు బల్ల దగ్గర మాత్రం కులాన్ని బట్టి వెనకా ముందూ నిలబడే సంఘం ఆ పుస్తకం చదివినట్టు కాదని నా గట్టి నమ్మకం.

స్థలాల సంగతీ అంతే. "అపొస్తలులు చర్చి కట్టలేదు, ఇళ్లలోనే కూడుకున్నారు, కాబట్టి కట్టడాలు తప్పు" అనేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. 2:46 చదివితే వాళ్లు రోజూ దేవాలయంలోనూ కూడుకున్నారు, ఇంటింటా రొట్టె విరిచారు. 19:9లో పౌలు తురన్ను పాఠశాలలో రెండేళ్లు బోధించాడు. మన వైపు మెదక్ కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. డోర్నకల్‌లో, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు అజరయ్య పెద్ద దేవాలయం కట్టించి 1939లో ప్రతిష్ఠించాడు. గుడిసెలో జరిగే కాటేజీ ప్రార్థన కూడా ఆ మేత్రాసనాల్లో, అంటే ఆ బిషప్‌ల కింది ప్రాంతాల్లో, ఉంది. కథ ఎక్కడ కూడుకున్నారో చెప్పింది, ఎక్కడ కూడుకోకూడదో చెప్పలేదు.

చీట్లు వేసి యూదా స్థానంలో మత్తీయను అపొస్తలుడిగా ఎన్నుకున్న సంగతి (1:26) కూడా ఇక్కడే చూసుకోండి. పెంతెకొస్తు తరువాత అపొస్తలులు చీట్లు వేసినట్టు ఆ పుస్తకంలో మళ్లీ కనబడదు.

అయిదో మెట్టు: సూటిగా చెప్పిన బోధతో కలిపి చూడండి

కథకు పక్కన ఆజ్ఞలు, ప్రవక్తల మాటలు, యేసయ్య బోధ, పత్రికలు (అపొస్తలులు రాసిన ఉత్తరాలు) పెట్టి చూడాలి. తొలి సంఘం ఆస్తులు అమ్మి పంచుకుంది. కాబట్టి నమ్మినవాడు భూమి అమ్మి సంఘానికి రాసివ్వాలా? అదే కథలో పేతురు, పొలం అమ్మి డబ్బులో కొంత దాచుకున్న అననీయతో, అమ్మకముందు అది నీదే కదా, అమ్మిన తరువాత కూడా నీ చేతిలోనే ఉంది కదా అన్నాడు (కార్యములు 5:4). పౌలు, బలవంతంగా కాదు, ఎవరు మనసులో నిశ్చయించుకున్నట్టు వాళ్లు ఇవ్వాలన్నాడు (2 కొరింథీయులకు 9:7). ధారాళంగా ఇవ్వడం నిలబడుతుంది, పట్టా రాయించుకోవడం నిలబడదు.

అట్లాగని "కథలు పిల్లలకు, సిద్ధాంతం పత్రికల్లో" అనే మాటను నేను ఒప్పుకోను. పౌలే ఒప్పుకోడు. విశ్వాసం వల్లనే నీతి అనే బోధను రోమీయులకు 4వ అధ్యాయంలో ఆయన దేని మీద కట్టాడు? అబ్రాహాము కథలో ముందూ వెనకా వరుస మీద. ఆదికాండము 15:6లో అబ్రాహాము నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది. సున్నతి వచ్చింది 17లో. ముందు ఏది, తరువాత ఏది అని వేలు పెట్టి చూపించి, సున్నతి లేనివాళ్లకు కూడా అతను తండ్రే అన్నాడు. కథను ఇంత జాగ్రత్తగా చదివితే అది సిద్ధాంతాన్ని మోయగలదు.

కొన్ని కథల్లో ఆజ్ఞ లోపలే ఉంటుంది. శిష్యుల కాళ్లు కడిగి, నేను చేసినట్టే మీరూ చేయాలని మాదిరి చూపించానని యేసయ్యే అన్నాడు (యోహాను 13:15). అక్కడ మనం వెతుక్కునేది ఏమీ లేదు. కొన్ని సంఘాలు నీళ్లు పళ్లెం తెచ్చి చేస్తాయి, కొన్ని రోగుల మంచాల దగ్గర చేస్తాయి. రెండూ ఆ మాట విన్నవే.

సంఘం మొత్తం కూర్చుని ఈ పని ఎట్లా చేయాలో కార్యములు 15 చూపిస్తుంది. అన్యులు, అంటే యూదులు కానివాళ్లు, సున్నతి పొందాలా వద్దా అని తగాదా. పేతురు కొర్నేలీ ఇంట్లో జరిగింది చెప్పాడు. బర్నబా, పౌలు తమ ప్రయాణాల్లో జరిగింది చెప్పారు. అంతటితో తీర్మానం చేయలేదు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు లేచి ఆమోసు ప్రవక్త మాటలు తెచ్చి, జరిగింది లేఖనంతో సరిపోతోందని చూపించాక అప్పుడు నిర్ణయించారు. మన సాక్ష్యాలకూ ఇదే కొలత. "నేను నలభై రోజులు ఉపవాసం ఉన్నాను, బిడ్డకు ఉద్యోగం వచ్చింది" అని ఎవరైనా చెబితే సంతోషంగా దేవుణ్ని స్తుతిద్దాం. ఆ నలభై రోజులను పక్కింటామె మీద నియమంగా పెట్టకూడదు.

ఆరో మెట్టు: ఈ కథలో దేవుడు ఏం చేస్తున్నాడు?

సారెపతు విధవరాలి కథ కానుకల ప్రసంగాల్లో ఎక్కువగా వింటాం. చివరి పిడికెడు పిండితో ముందు ఏలీయాకు అప్పం చేసి పెట్టింది, తొట్టిలో పిండి తగ్గలేదు, కాబట్టి మీ చివరి రూపాయి ముందు దైవజనుడికి ఇవ్వండి. ఈ కథ దేని గురించో యేసయ్య స్వయంగా చెప్పాడు. ఇశ్రాయేలులో ఎంతోమంది విధవరాండ్రు ఉండగా దేవుడు ఏలీయాను సీదోను దేశంలోని ఒక పరాయి విధవరాలి దగ్గరికే పంపాడన్నాడు (లూకా 4:25-26). అది దేవుని కనికరం సరిహద్దు దాటిన కథ. ఆకలితో చావబోతున్న తల్లీ బిడ్డకు తిండి పెట్టడానికి ప్రవక్తను పంపిన కథ. వినేవాళ్లకు ఆ మాట ఎంత మండిందంటే ఆయనను కొండ మీది నుంచి తోసేయబోయారు.

రెండు కాసులు వేసిన విధవరాలి కథకు (మార్కు 12:41-44) ముందు వచనం కూడా చదవండి. విధవరాండ్ర ఇళ్లు మింగేసే శాస్త్రుల గురించి ఆయన అప్పుడే హెచ్చరించాడు. ఆ హెచ్చరిక వదిలేసి రెండు కాసులు మాత్రమే బోధించే ప్రసంగం విన్న ప్రతిసారీ నాకు బాధగా ఉంటుంది.

ఏడో మెట్టు: తప్పయితే నష్టం ఎవరికి?

ఇప్పుడు నోటుబుక్కులో మూడు గళ్లు. తప్పనిసరి, మంచిది, ఎవరి ఇష్టం వారిది. లేఖనం సూటిగా ఆజ్ఞాపించి, కథలు దాన్ని నడిచి చూపిస్తే మొదటి గడి. పలుచోట్ల మెచ్చుకోలుగా కనబడుతూ ఆజ్ఞ లేకపోతే రెండోది. ఒక్కచోట ఒక్కసారి జరిగిందైతే మూడోది. దానియేలు మూడు వారాలు రుచిగల ఆహారం, మాంసం మానడం (10:2-3) నా లెక్కలో మూడో గడి. చేసేవాళ్లు చేయవచ్చు, చేయనివాళ్లను తక్కువ చూడకూడదు.

రాసేముందు ఒకటి అడగండి. ఈ అర్థం పొరపాటైతే దెబ్బ ఎవరికి తగులుతుంది? చెప్పేవాడికి ఏమీ కాకుండా, వినేవాడి ఒంటికో, పొలానికో, పెళ్లికో తగిలేటట్టయితే అన్ని మెట్లూ మళ్లీ ఎక్కండి. బెరయవాళ్లు పౌలు చెప్పినదాన్నే ప్రతిరోజూ లేఖనాల్లో వెతికి చూశారు, లూకా వాళ్లను ఘనులన్నాడు (కార్యములు 17:11). మన అయ్యగారిని, పాస్టర్ గారిని గౌరవంగా "ఇది ఎక్కడుందండీ, చూపిస్తారా" అని అడగడం అవిధేయత కాదు.

ఆసా కథను ఈ మెట్ల మీద నడిపిద్దాం

చిన్నమ్మ ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె మంచం మీదే కూర్చుని ఇద్దరం చదివాం. కథ 14వ అధ్యాయంలో మొదలు, 16:14లో ముగింపు. కూషీయుడైన జెరహు పెద్ద సైన్యంతో వస్తే ఆసా నిన్నే నమ్ముకున్నామని దేవునికి మొరపెట్టాడు, గెలిచాడు. చాలా ఏళ్ల తరువాత ఇశ్రాయేలు రాజు బయెషా వస్తే మొర లేదు. మందిరంలోని వెండి బంగారాలు తీసి సిరియా రాజు బెన్హదదుకు పంపాడు. దీర్ఘదర్శి హనానీ వచ్చి, యెహోవాను కాక సిరియా రాజును నమ్ముకున్నావని గద్దించాడు. మనం ఎంతో ఇష్టంగా చెప్పుకునే మాట, యథార్థ హృదయం గలవాళ్లను బలపరచడానికి యెహోవా కన్నులు లోకమంతా సంచరిస్తాయన్నది, ఆ గద్దింపులోదే (16:9). ఆసా అతన్ని చెరసాలలో వేశాడు, జనంలో కొందరిని బాధపెట్టాడు. పాదాల జబ్బు ఆ తరువాత వచ్చింది.

"నమ్ముకోవడం" అనేదే కథంతటా తిరుగుతున్న మాట. మొదట దేవుణ్ని నమ్ముకున్నవాడు చివరికి రోగంలో కూడా ఆయన వైపు తిరగలేదు. కథకుడు బాధపడుతున్నది ఆ మొండితనానికి. 1 రాజులు 15:23లో ఇదే జబ్బు చెప్పారు, వైద్యుల ఊసే లేదు. పక్కన సూటి మాటలు పెట్టాం. జబ్బుపడిన రాజు హిజ్కియాకు దేవుడు పదిహేనేళ్ల ఆయుస్సు మాట ఇచ్చిన తరువాత కూడా ప్రవక్త యెషయా పుండు మీద అంజూరపు ముద్ద కట్టించాడు (2 రాజులు 20:6-7). రోగులకు వైద్యుడు కావాలని యేసయ్య మామూలు సంగతిగా అన్నాడు. పౌలు లూకాను ప్రియమైన వైద్యుడన్నాడు, తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం తీసుకోమన్నాడు, తనతో తిరిగే త్రోఫిము రోగిగా ఉంటే మిలేతులో విడిచి వచ్చాడు.

తప్పనిసరి గడిలో చిన్నమ్మే చెప్పి రాయించింది: జబ్బులో ముందు దేవుణ్ని అడగాలి. మందులు మానాలన్నదాన్ని ఏ గడిలో రాయాలని నేను అడిగితే చాలాసేపు పేజీ చూసి, "ఏ గడిల లేదు బిడ్డా" అంది.

మీరు మొదలుపెట్టేటప్పుడు అపొస్తలుల కార్యములతో మొదలుపెట్టకండి, వాదనల్లో పడిపోతారు. రూతు నాలుగు అధ్యాయాలు ఒక్క కూర్చోలో చదవవచ్చు, దేవుడు దాదాపు కనబడకుండా పనిచేసే కథ అది, ఆరో మెట్టుకు మంచి సాధన. తరువాత యోసేపు కథ, ఆదికాండము 37 నుంచి 50 దాకా, వారానికి మూడు అధ్యాయాల చొప్పున. ఆ తరువాత న్యాయాధిపతులు, అక్కడ మూడో మెట్టు బాగా తిరుగుతుంది. కార్యములు చివర, అదీ వేరే సంఘానికి వెళ్లే స్నేహితుడు ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని.